జంట కుదిరితే నష్టం ఎవరికి?

విజయవాడ గవర్నరుపేటలో ఒక మేనమామ ఏళ్ల తరబడి పత్రికలకు క్లాసిఫైడ్ ప్రకటనలు పట్టాడు. ఆయనకొక గట్టి నమ్మకం ఉంది. తోడు కోసం ప్రకటన ఎక్కడ వేయాలని ఎవరైనా అడిగితే, ఎంతమంది చూస్తారన్నది తర్వాతి సంగతి. డబ్బు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి, ఎన్నిసార్లు పోతుందన్నది ముందు చూడాలంటాడు. హైదరాబాద్‌లో ఆన్‌లైన్ ప్రకటనల కంపెనీలో పనిచేసే మేనకోడలికి ఇది ఉత్త అనుమానంగా కనిపిస్తుంది. మనకు కావలసిన మనిషి ఏ సైటులో తిరుగుతున్నాడో కనుక్కుంటే చాలు, మిగిలిందంతా దాని వెనకే వస్తుందని ఆమె వాదన.

ఈ వాదం ఊరికే పుట్టలేదు. మేనకోడలి అక్కకు ముప్పై ఏడేళ్లు. రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం, విడాకులై ఐదేళ్లు, ఎనిమిదేళ్ల కూతురు. తోడు కావాలనుకుంటోంది గానీ మొదటి ఫోన్‌లోనే ముహూర్తాలు అడిగేవాళ్లు వద్దంటోంది. కొన్నాళ్లు మాట్లాడుకోవాలి, నాలుగుసార్లు కలవాలి, మనసుకు పడితే అప్పుడు పెళ్లి మాట. "మేటర్ నేనే రాసుకుంటాను. ఎక్కడ వేయాలో మాత్రం మీరిద్దరూ తేల్చండి" అని ఓ ఆదివారం ఇద్దరికీ పని పురమాయించింది.

"ఆదివారం ఎడిషన్‌లో వేద్దాం" అన్నాడు మేనమామ, ఆలోచించే పని లేనట్టు.

"ఏమని? 'కొన్నాళ్లు కలిసి తిరిగి చూసుకొనుటకు వరుడు కావలెను' అనా?"

"రెండో పెళ్లి అని ఒక్క ముక్క వేస్తే చాలు. కావలసినవాళ్లు అర్థం చేసుకుంటారు."

"అర్థం చేసుకునేది ఎవరు మావయ్యా? అక్కా? అక్క తరఫున ఫోనెత్తే నువ్వా? పేపర్లో వచ్చే ప్రకటనల్లో అమ్మాయి మాట ఒక్కటైనా ఉంటుందా? ఎత్తు, రంగు, జీతం, కులం. రాసేది తండ్రి, చదివేది అవతలివాళ్ల తండ్రి."

ఇందుకు ఆమె దగ్గర ఆధారం కూడా ఉంది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, మరి ఇద్దరు అర్థశాస్త్రవేత్తలు కలిసి కోల్‌కతాలో ఆనందబజార్ పత్రికలో పెళ్లి ప్రకటనలు ఇచ్చిన కుటుంబాలను కలిసి మాట్లాడారు. ఆ అధ్యయనం 2013లో అచ్చయింది. వాళ్లు తేల్చిన లెక్క చూస్తే మతి పోతుంది. అసలు చదువే లేనివాడికీ ఎం.ఏ. చదివినవాడికీ ఎంత తేడా ఉందో, కులం బయటి సంబంధం తప్పించుకోవడానికి ఆడపిల్లవాళ్లు అంత తేడానూ వదులుకోవడానికి సిద్ధపడుతున్నారు.

"కులం పిచ్చి పేపరు పుట్టించిందా? ఇంటి నుంచి తెచ్చి కౌంటర్లో ఇచ్చింది మేం అచ్చేశాం" అన్నాడు మేనమామ. "నీ సైట్లలో కులానికో గడి లేదూ? మేం 'కులం పట్టింపు లేదు' అని రాయించుకుని పదాలకు డబ్బులు తీసుకునేవాళ్లం. వాళ్లు కులానికో సైటే పెట్టేశారు."

ఈ మాట నిజమే. తెలుగువాళ్లకని, తమిళులకని విడివిడిగా మొదలైన మ్యాట్రిమోనీ సైట్లు ఆ తర్వాత ఒక్కో కులానికి ఒక్కో వాకిలి తెరిచాయి. కాగితం మీద చూపుతో వెతుక్కున్నది అక్కడ ఫిల్టర్ అయింది, అంతే.

మేనకోడలు ఆ దారి వదిలేసి వేరే వైపు నుంచి వచ్చింది. ముంబైలో పద్మా అయ్యర్ అనే తల్లి 2015లో తన కొడుకు, హక్కుల కార్యకర్త హరీశ్ అయ్యర్‌కు వరుడు కావాలని ప్రకటన ఇవ్వబోయింది. కొన్ని పత్రికలు వేయలేమన్నాయి. చివరికి మిడ్-డే అచ్చేసింది. అప్పటికి స్వలింగ సంబంధాలను నేరంగా చూసే 377వ సెక్షన్ అమల్లోనే ఉంది, దాన్ని సుప్రీంకోర్టు సడలించింది 2018లో. "గుమ్మం దగ్గర నిలబడి ఎవరి ప్రకటన లోపలికి పోవాలో తేల్చేవాడు పేపర్లో ఒకడుంటాడు. ఆన్‌లైన్‌లో ఆ గుమ్మం లేదు."

"ఉంది. నీకు కనపడదు" అన్నాడు మేనమామ. "పైగా ఆ ప్రకటన అచ్చేసింది పేపరే కదా, మర్చిపోయావా? అందులోనూ కులం పట్టింపు లేదంటూనే అయ్యర్ అయితే మేలని వేశారుగా."

ఆమె నవ్వాపుకోలేకపోయింది. ఆ ప్రకటనలో ఆ మాట నిజంగానే ఉంది. అప్పట్లో దానిమీద పెద్ద దుమారమూ రేగింది.

మేనమామ వాదానికి అసలు బలం ఇక్కడ మొదలవుతుంది. తోడు కోసం ప్రకటనలివ్వడం ఇవాళ్టి ముచ్చట కాదు. లండన్‌లో జాన్ హౌటన్ అనే మందుల వ్యాపారి వ్యవసాయం, వర్తకాల మీద ఒక వారపత్రిక నడిపేవాడు. 1695 జూలైలో అందులో ముప్పై ఏళ్ల పెద్దమనిషి ఒకడు, మంచి ఆస్తి ఉన్నవాడినంటూ, సుమారు మూడువేల పౌండ్ల సంపద ఉన్న యువతి కావాలని వేయించాడు. కట్నం మాట కూడా మనమే కనిపెట్టామని గొప్పలు పోవడానికి లేదన్నమాట. ఆనాటి నుంచి క్లాసిఫైడ్స్ లెక్క ఒకటే: ప్రకటనకు ఒకసారి డబ్బు, దాంతో సరి. "నీ పెళ్లి అయినా కాకపోయినా నాకొచ్చేది అంతే. పెళ్లయితే నీ చెల్లెలి ప్రకటన కూడా నా దగ్గరికే వస్తుందన్న ఆశ ఒకటి అదనం. మరి నీ సైటు? నెలకింత, మూడు నెలలకింత. జంట కుదిరితే రెండు ఖాతాలు పోతాయి. కుదరకపోతే రెండూ ఉంటాయి. ఈ వ్యాపారంలో నువ్వుంటే ఏం కోరుకుంటావు?"

"కుదరకపోతే ఎవరూ రారు కదా! ఫలానా అమ్మాయికి ఇక్కడే సంబంధం కుదిరిందని నలుగురూ చెప్పుకుంటేనే ఐదోవాడు వస్తాడు. భారత్ మ్యాట్రిమోనీ పెట్టిన మురుగవేల్ జానకిరామన్ భార్యను కూడా తన సైటులోనే చూసుకున్నాడు. అంతకంటే పెద్ద ప్రకటన ఏముంటుంది?"

"దుకాణం పెట్టినవాడికి మొదటి సరుకు దొరక్క చస్తుందా?"

మేనకోడలు అంకెలు తీసింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ సామాజిక శాస్త్రవేత్త మైకేల్ రోజెన్‌ఫెల్డ్ బృందం 2019లో ఒక పరిశోధన వెలువరించింది. 2017లో పరిచయమైన స్త్రీ పురుష జంటల్లో 39 శాతం ఆన్‌లైన్‌లోనే కలిశాయి. స్నేహితుల ద్వారా కలిసినవాళ్లు 1995లో 33 శాతం ఉండగా 20 శాతానికి తగ్గారు. అక్కడి పెళ్లిళ్ల పేరయ్యలు స్నేహితులే, వాళ్ల పని సైట్లు లాక్కున్నాయి. "డబ్బు కోసం ఆలస్యం చేసే సైట్లయితే ఇంతమంది ఎట్లా కలిశారు మావయ్యా?"

మేనమామ కాసేపు తగ్గాడు. కానీ ఆయన కూడా చదివి వచ్చిన మనిషే. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019లో మ్యాచ్ గ్రూప్ మీద వేసిన దావా గుర్తుచేశాడు. ఆ కంపెనీ చిన్నదేం కాదు. 1995లో మొదలైన మ్యాచ్.కామ్‌తో పాటు టిండర్, హింజ్, ఓకేక్యుపిడ్, ప్లెంటీ ఆఫ్ ఫిష్ అన్నీ దాని చేతిలోనే ఉన్నాయి. దావాలో ముఖ్యమైన ఆరోపణ ఇది: డబ్బు కట్టని సభ్యులకు 'మిమ్మల్ని ఒకరు ఇష్టపడ్డారు' అని మెయిల్ వెళ్లేది, ఎవరో చూడాలంటే చందా కట్టాలి. ఇష్టపడ్డ ఆ ఖాతా మోసగాడిది కావచ్చని కంపెనీ అప్పటికే గుర్తుపెట్టుకుని ఉన్నా మెయిల్ మాత్రం ఆగేది కాదు.

"ఆ ఆరోపణల్లో కొన్ని 2022లో కోర్టులోనే వీగిపోయాయి. మిగిలినవి 2025లో 1.4 కోట్ల డాలర్లకు రాజీ అయ్యాయి" అని సరిచేసింది మేనకోడలు.

"రాజీకి అంత కట్టారంటే ఊరికే కట్టలేదు. చందా రద్దు చేసుకోవడం ఎంత కష్టం చేశారన్నది కూడా అందులో ఉంది. నా కౌంటర్లో ప్రకటన ఆపమంటే ఆగిపోయేది."

"అయితే డబ్బే తీసుకోని చోట వేద్దామా?" ఆమె ఉచ్చు పన్నిందని ఆయనకు అర్థం కాలేదు. సరే చెప్పమన్నాడు. ఆమె క్రెయిగ్స్‌లిస్ట్ కథ ఎత్తింది. పాత సోఫా, అద్దె గది, పక్కనే తోడు కోసం ప్రకటనలు. ఇరవై ఏళ్లపాటు అమెరికా ఊళ్లలో అలాంటి ఉచిత బోర్డు మరొకటి లేదు. యాప్ అక్కర్లేదు, ఫొటో అక్కర్లేదు, నాలుగు వాక్యాలు రాస్తే చాలు. మేనమామ చెప్పే పాత క్లాసిఫైడ్‌కు అచ్చంగా తోబుట్టువు. 2018 మార్చిలో, మనుషుల అక్రమ రవాణాకు వాడుకునే ప్రకటనలకు వెబ్‌సైట్లను కూడా బాధ్యుల్ని చేసే చట్టాన్ని అమెరికా కాంగ్రెస్ ఆమోదించగానే, క్రెయిగ్స్‌లిస్ట్ ఆ విభాగం మొత్తం మూసేసింది. ఒక్క వర్గపు ప్రకటనల కోసం మిగతా సేవలన్నిటినీ ప్రమాదంలో పెట్టలేమని చెప్పింది. మర్యాదగా తోడు వెతుక్కున్న లక్షల మంది ప్రకటనలు వ్యభిచార దళారుల ప్రకటనలతో పాటే పోయాయి.

"డబ్బు తీసుకోని చోట కాపలా ఉండదు. కాపలా లేని చోటికి దళారులే ముందొస్తారు. నువ్వు రోజూ చెప్పే మాటే ఇది" అంది.

దీనికి ఆయన జవాబు చెప్పలేదు. ఈ ఒక్క అంశంలో ఇద్దరూ ఒకటే పక్షమని ఒప్పుకోవడం ఇష్టం లేక కాబోలు.

అక్కకు కావలసింది పెళ్లిళ్ల సైటులో దొరుకుతుందా, డేటింగ్ యాప్‌లో దొరుకుతుందా అన్నది చిక్కు ప్రశ్న. మన ప్రభుత్వం దృష్టిలో ఈ రెండూ వేరు జాతులు. 2016 జూన్‌లో కేంద్ర ఐటీ శాఖ మ్యాట్రిమోనీ సైట్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. సభ్యుల గుర్తింపు పత్రాలు తీసుకోవాలి, ఐపీ చిరునామాలు భద్రపరచాలి, ఈ సైటు పెళ్లి సంబంధాలకే తప్ప డేటింగ్‌కు కాదని స్పష్టంగా చెప్పాలి. మేనమామకు ఈ కట్టుబాటు నచ్చింది. పత్రం చూపించినవాడు ఎంత అబద్ధమాడినా కొంత భయపడతాడని ఆయన లెక్క.

"కానీ అక్క అక్కడ నాలుగు నెలలు మాట్లాడదామంటే వెళ్లిపోతారు. వారానికే 'మీ వాళ్లతో మాట్లాడించండి' అంటారు" అంది మేనకోడలు. ఆమె మనసులో ఉన్నది 'నీతో'. బెంగళూరు కంపెనీ ఐల్ తెలుగువాళ్ల కోసం 2022లో తెచ్చిన యాప్ అది. మలయాళానికి 'అరికె', తమిళానికి 'అన్బే' లాగే మనకు 'నీతో'. ఒక రాత్రి పరిచయాలకు కాక గట్టి బంధం కోరేవాళ్లకని ఆ కంపెనీ చెప్పుకుంటుంది. ఇటు పెళ్లిచూపులు కాదు, అటు టిండర్ కాదు.

"ఐల్ ఎవరిదో తెలుసా?" అన్నాడు మేనమామ, కళ్లు మెరుస్తూ. "అదే ఏడాది ఇన్ఫో ఎడ్జ్ అందులో మెజారిటీ వాటా కొనేసింది. జీవన్‌సాథీ పెళ్లిళ్ల సైటు నడిపే ఇన్ఫో ఎడ్జే. పెళ్లి వద్దని ఒక దుకాణంలోంచి బయటికొచ్చి రెండో దుకాణంలోకి వెళ్తే గల్లా దగ్గర అదే షావుకారు కూర్చున్నాడు."

"ఉంటే ఏం? రెండు దుకాణాల్లోనూ జనం వేరు. నాకు కావలసింది జనం."

జనం దగ్గరే లెక్క మళ్లీ మారుతుంది. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ 2022లో చేసిన సర్వేలో, అంతకుముందు ఏడాది డేటింగ్ సైట్లు వాడిన ఆడవాళ్లలో 54 శాతం వచ్చిపడే సందేశాలు తట్టుకోలేకపోయామన్నారు. మగవాళ్లలో 64 శాతం సందేశాలే రాక దిగులుపడ్డామన్నారు. అంటే పెద్ద సైటు బాగా పనిచేస్తుందన్నది ప్రకటన వేసేది ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది. రాజమండ్రి బ్యాంకు ఉద్యోగినికి స్పందన కరువు రాదు, వడకట్టుకోవడమే పని. ఆమెకు కోటిమంది ఉన్న యాప్ కంటే, చెరో నాలుగు వాక్యాలు రాసుకోక తప్పని చిన్న సైటు మేలు కావచ్చు. అదే ఆమె తమ్ముడైతే సలహా తిరగబడుతుంది. సైట్ల ర్యాంకులు ఇచ్చే వ్యాసాలు ఈ తేడా చెప్పకుండా పది పేర్లు వరసపెట్టి వదిలేస్తాయి. వాటిలో చాలావాటికి ఆ సైట్ల నుంచే కమిషన్ ముడుతుంది. ఈ సంగతి మాత్రం ఆన్‌లైన్ ప్రకటనల్లో పనిచేసే మేనకోడలే ఒప్పుకుంది.

"పెద్ద ఊళ్లో అందరూ తమకంటే పై మెట్టు చూస్తారట" అని ఆమె మరో పరిశోధన చెప్పింది. న్యూయార్క్, బోస్టన్, షికాగో, సియాటిల్ నగరాల్లో డేటింగ్ సందేశాలను పరిశీలించి ఎలిజబెత్ బ్రూక్, మార్క్ న్యూమన్ 2018లో రాసిన వ్యాసం అది. ఆడా మగా సగటున తమకంటే పాతిక శాతం ఎక్కువ గిరాకీ ఉన్నవాళ్లనే పలకరిస్తున్నారు. పై మెట్టువాళ్లకు పొడుగాటి సందేశాలు రాస్తున్నారు. సియాటిల్ మగవాళ్లకు తప్ప ఆ పొడుగు ఎవరికీ పెద్దగా కలిసిరాలేదు.

"ఇందుకు అమెరికా దాకా పోవాలా? బాపట్ల డిగ్రీకి బోస్టన్ సంబంధం అడగడం నా కౌంటర్లో రోజూ చూశాను."

మరి రాజమండ్రి చుట్టుపక్కల ఏ సైటులో మనుషులున్నారో డబ్బు కట్టకముందే తెలుసుకునేదెట్లా? ఈ పనిలో మేనకోడలు చేయి తిరిగిన మనిషి. చాలా సైట్లలో ఉచిత ఖాతాతో వెతకనిస్తారు. వయసు ముప్పై ఎనిమిది నుంచి నలభై ఆరు, విడాకులైనవాళ్లు లేదా భార్య పోయినవాళ్లు, వంద కిలోమీటర్ల లోపు అని పెట్టి ఎంతమంది వస్తారో చూడాలి. వచ్చినవాళ్లలో ఈ వారం లాగిన్ అయినవాళ్లు ఎందరో విడిగా లెక్కపెట్టాలి. సైటు చెప్పుకునే లక్షల ప్రొఫైళ్లలో పెళ్లైపోయి తీసేయడం మర్చిపోయినవి, ఏళ్లుగా తెరవనివి బోలెడు. మూడు సైట్లలో ఇదే వెతుకులాట ఒకే రోజు చేసి పోల్చుకుంటే ఏది మన ఊరి సంతో తేలిపోతుంది.

మేనమామకు ఇది నచ్చింది, పైకి చెప్పలేదు. "చివర చూసిన తేదీ చూపించని సైటు అయితే వద్దు" అని మాత్రం కలిపాడు.

మోసాల దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు మారింది. అమెరికాలో 2022లో దాదాపు 70,000 మంది ప్రేమ పేరుతో మోసపోయామని ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. పోగొట్టుకున్నది మొత్తం 130 కోట్ల డాలర్లు. ప్యూ సర్వేలో డేటింగ్ సైట్లు వాడినవాళ్లలో సగం మందికి పైగా తమకు మోసగాళ్లు తగిలారని అనుకుంటున్నారు. మన దగ్గర వేషాలు వేరు. లండన్ డాక్టరునంటూ మాట కలిపి, బహుమతి పంపానని, కస్టమ్స్‌లో ఆగిందని డబ్బులు గుంజడం పాత వేషం. క్రిప్టోలో పెట్టుబడి నేర్పిస్తానని దువ్వడం ఇప్పటిది. 2024లో ఢిల్లీ, ముంబై, హైదరాబాద్‌లలో ఇంకో రకం బయటపడింది. డేటింగ్ యాప్‌లో పరిచయమైన అమ్మాయి ఫలానా పబ్బుకే రమ్మంటుంది, తాగి వెళ్లిపోతుంది, వేలల్లో బిల్లు అబ్బాయి నెత్తిన పడుతుంది. పబ్బువాళ్లకూ ఆమెకూ వాటా.

"మ్యాట్రిమోనీ సైట్లలో పరిచయమై మోసపోయినవాళ్లు లేరా? పత్రం చూపించినవాడు భయపడతాడన్నావుగా" అంది మేనకోడలు. "ఎక్కడైనా జాగ్రత్త ఒకటే. వీడియో కాల్‌కు రానివాడికి రెండో వారం లేదు. ఫొటోను గూగుల్‌లో వెతికి చూడాలి. డబ్బు మాట రాగానే తెగతెంపులు, పోయాక ఏడవకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత."

"అవన్నీ సరే. పరువు సంగతి?" మేనమామ అడిగింది పాతకాలపు పరువు గురించి కాదు. పేపరు ప్రకటనకు బాక్స్ నంబరు ఉండేది. పేరు లేదు, ఫొటో లేదు. జవాబుల కవర్లు పత్రికాఫీసుకు వచ్చేవి, కావలసినవాళ్లు వచ్చి తీసుకెళ్లేవాళ్లు. ఎవరికి జవాబివ్వాలో, ఎవరికి మొహం చూపించాలో ప్రకటన ఇచ్చినవాళ్ల ఇష్టం. ఇప్పుడు రాజమండ్రిలో ఆ అమ్మాయి యాప్‌లో ఫొటో పెడితే మర్నాడు డిపాజిట్ చేయడానికి వచ్చినవాడు కౌంటర్ అవతలి నుంచి నవ్వుతాడు. పైగా అక్కడ పెట్టింది అక్కడే పోదు. యాష్లీ మాడిసన్ అనే సైటు పంతొమ్మిది డాలర్లు తీసుకుని ఖాతా ఆనవాలు లేకుండా తుడిచేస్తామంది. 2015లో హ్యాకర్లు మూడు కోట్ల పైచిలుకు ఖాతాలు బయటపెడితే, డబ్బు కట్టి తుడిపించుకున్నవాళ్ల వివరాలూ అందులో తేలాయి.

మేనకోడలి దగ్గర దీనికి పూర్తి జవాబు లేదు. మ్యాట్రిమోనీ సైట్లలో ఫొటోకు తాళం వేసుకోవచ్చు, మనం ఒప్పుకున్నవాళ్లకే కనపడుతుంది. వేరే సిమ్ తీసుకోవచ్చు. బ్యాంకు పేరు, పాప స్కూలు పేరు ఎక్కడా రాయకపోవచ్చు. డేటింగ్ యాప్‌లో ఇంత దాచుకుంటే మాత్రం ఎవరూ ఆగి చూడరని ఆమెకూ తెలుసు. చిన్న ఊళ్లో ఒంటరి ఆడదానికి బాక్స్ నంబరు ఇచ్చినంత చాటు ఇవాళ్టి యాప్ ఇవ్వడం లేదు. ఈ విషయంలో మేనమామదే పైచేయి.

సాయంత్రానికి ఒక ఒప్పందంలాంటిది కుదిరింది. మ్యాట్రిమోనీ సైటులో రెండో పెళ్లి విభాగంలో ఫొటోకు తాళం వేసి ప్రొఫైల్. 'నీతో'లో ఉచిత ఖాతా, డబ్బు కట్టేది అక్కడ జనం ఉన్నారని తేలాకే. ఎక్కడ కట్టినా తక్కువ కాలానికే కట్టాలని, కట్టిన రోజే ఆటో రెన్యువల్ ఆపేయాలని మేనమామ పట్టుబట్టాడు. పేపరు ప్రకటన వద్దని ఆమె, ఒక్క ఆదివారం వేసి చూడమని ఆయన, అది మాత్రం తెగలేదు.

అక్కకు ఫోన్ చేసి చెప్పారు. అంతా విని, అప్పటికే రాసుకున్న మేటర్ చదివింది. మొదటి వాక్యంలోనే కూతురుంది. పాప సంగతి మొదటే చెబితే సగం మంది చదవకుండా దాటేస్తారని చెల్లెలు అడ్డుపడింది. ఈసారి మేనమామ కూడా ఆమె పక్షానే మాట్లాడాడు, రెండో వాక్యానికి జరపమన్నాడు.

"ఆ సగం మందితో నాకేం పని?" అంది అక్క. "ఇంతకీ ఫొటోకు తాళం ఎట్లా వేయాలో చెప్పండి."